కాక తగలని గొట్టం

బానోత్ రాంజీకి సివిల్‌గాళ్ళంటే గిట్టదు. పట్టాళంలో పనిచేయని ప్రతివాడూ ఆయన లెక్కలో సివిల్‌గాడే. కలెక్టరైనా అంతే, కట్టెలు కొట్టేవాడైనా అంతే. మానుకోటలో, అంటే సర్కారు కాగితాల్లో మహబూబాబాద్ అని రాసుకునే ఊళ్ళో, ఒక బ్యాంకు గేటు పక్కన స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య రైఫిల్ నిలబెట్టుకుని, వచ్చేపోయే జనాన్ని చెప్పుల నుంచి తలకాయ దాకా చూసేవాడు. చూసి, "లైన్ల నిలవడ శాతగాదు, వీళ్ళకు రాష్ట్రం గావాల్నట" అని మీసంలో గొణుక్కునేవాడు.

ఆయన మాత్రం పట్టాళంలో యుద్ధం చేసి వచ్చాడనుకునేరు. నర్సింహులపేట అవతలి తండా నుంచి భర్తీ అయి పోయినవాడు, సర్వీసంతా ఆయుధాల కొట్టులోనే గడిపాడు. పొద్దున తుపాకులు ఇవ్వడం, సాయంత్రం తీసుకోవడం, నూనెగుడ్డతో తుడిచి గూటిలో పెట్టడం. ఏడాదికోసారి చాంద్‌మారీ అని గురి కాల్పులకు తీసుకుపోతే అక్కడ నాలుగు తూటాలు కాల్చేవాడు. అలా ఒకసారి, పక్కవాడు పెట్టెడు తూటాలు గుక్క తిప్పుకోకుండా కాల్చి కింద పెట్టిన రైఫిల్‌ను ఈయన గొట్టం దగ్గర పట్టుకుని లేపాడు. అరచేతి తోలు గొట్టానికి అంటుకుపోయింది. పుండు మానింది కానీ మచ్చ పోలేదు. తండాలో ఆ మచ్చకు సరిహద్దులో తగిలిన దెబ్బ అని పేరు పడింది. రాంజీ అవునని ఎన్నడూ అనలేదు. కాదని అంతకన్నా అనలేదు.

పెన్షన్ మీద వచ్చాక లైసెన్సు తీసుకుని ఒక రైఫిల్ కొన్నాడు. కాపలా మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ ఒకటి సొంత తుపాకి ఉన్నవాడికే బ్యాంకు డ్యూటీ ఇస్తుంది. వాళ్ళకు కావాల్సింది తుపాకి. దాన్ని మోయడానికి ఒక మనిషి కూడా ఉండాలి కనుక రాంజీని తీసుకున్నారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలిసినా తల ఎగరేసుకునే తిరిగాడు. నల్లగా, నీలిమెరుపుతో ఉండే ఆ గొట్టాన్ని చూసి బ్యాంకులో గొడవపడే తాగుబోతు కూడా గొంతు తగ్గించేవాడు. పెళ్ళికి పోతే ముందు కుర్చీ వేసేవాళ్ళు. పదకొండేళ్ళలో ఆ రైఫిల్ ఒక్కసారి కూడా పేలలేదు. పేలాల్సిన పనే పడలేదు.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకుని ఉంది. అంతకుముందు ఏడాది మానుకోట రైలు పట్టాల మీద రాళ్ళు లేచాక, లైసెన్సు తుపాకులన్నీ తెచ్చి అప్పజెప్పమన్నారు. రాంజీ తన రైఫిల్‌కు నూనె రాసి, గుడ్డ చుట్టి, పసిబిడ్డను దవాఖానలో పడుకోబెట్టినట్టు ఒక ఠాణాలో అప్పగించి వచ్చాడు. అన్నాళ్ళూ చేతిలో కర్ర పట్టుకుని బ్యాంకు ముందు కూర్చున్నాడు. మరుసటి ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక తిరిగి ఇచ్చారు. ఏ మూల పెట్టారో, ఏ కప్పు కురిసిందో, గుడ్డ విప్పి చూస్తే గొట్టం మీద నీలిమెరుపు లేదు. ఎర్రగా తుప్పు పొక్కులు లేచి ఉన్నాయి.

ఏజెన్సీవాళ్ళు ఫోన్ చేసి ఒకటే మాట చెప్పారు. దసరా వెళ్ళగానే హన్మకొండ నుంచి పెద్దసారు తనిఖీకి వస్తాడు, తుప్పు పట్టిన తుపాకికి డ్యూటీ లేదు, ఇంటికి పొమ్మంటాడు. రాంజీ ఇటుకపొడి, కిరసనాయిలు కలిపి తుప్పంతా రుద్దేశాడు. లోపలి నుంచి తెల్లటి ఉత్త ఇనుము బయటపడింది. ఉత్త ఇనుము నాలుగు రోజులు గాలి తగిలితే మళ్ళీ తుప్పే. దానికి ఏదో ఒక పూత పడాలి. పడకపోతే స్టూలు లేదు, గేటు లేదు, పెళ్ళిలో ముందు కుర్చీ లేదు. అప్పుడు రాంజీ కూడా ఉత్త సివిల్‌గాడే. ఆ మాట తలుచుకుంటేనే ఆయనకు అన్నం సయించలేదు.

తుపాకి గొట్టానికి నల్లపూత వేసేవాళ్ళు వరంగల్‌లో ఉన్నారు. మందు నీళ్ళలో ఉడికించి చేస్తారు. కానీ సకల జనుల సమ్మె మొదలై బస్సులు డిపోల్లో పండుకున్నాయి, రైళ్ళు ఆగిపోయాయి. పోనీ ఎవరి బండి మీదనో పోదామంటే ఆ దుకాణం కూడా సమ్మెలోనే ఉందని తెలిసింది. "తుపాకులోడు గుడ సమ్మె జేస్తున్నడు! దేశం మునిగినట్టే" అని రాంజీ కాండ్రించి ఉమ్మాడు.

ముందుగా సలహా ఇచ్చింది భార్య సోని. ఇంట్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది లంబాడీ భాష. మనం తెలుగులో చెప్పుకుందాం. కూతురి పేరు పెట్టి పిలవడం ఆమె అలవాటు.

"అఖిల బాపూ, గింత పరేషాన్ ఎందుకు? నా రొట్టె పెంకను సూడు. రోజూ పొయ్యి మీదనే ఉంటది. నూనె రాసుకుంట కాలవెడ్తే నల్లగ గట్టివడ్డది. ఎన్నడన్న తుప్పు వట్టిందా?"

"నా రైఫిల్ నీ కండ్లకు రొట్టె పెంక లెక్క కనవడ్తుందా?" అన్నాడు రాంజీ. "రైఫిల్ అంటే ఏందో ఎర్కనా? కాల్చినప్పుడు గొట్టం నిప్పు లెక్క అయితది. నూనెపూత నిమిషంల పొగయి పోతది. దానికి కాకకు ఆగే పూత గావాలె, కాకకు!"

"కాక నా పెంకకు రోజూ తాకుతది. నీ గొట్టానికి ఎప్పుడు తాకిందో జర చెప్పు" అంది సోని, జొన్నపిండి కలుపుతూనే.

ఆడదానికి ఆయుధం గురించి ఏం తెలుసని రాంజీ ఆ మాటను చెవిలోకే పోనివ్వలేదు. పోనిస్తే ఈ కథే లేదు.

బ్యాంకు ఎదురుగా బండ్లు బాగుచేసే జగన్ దగ్గర సైలెన్సర్‌కు కొట్టే నల్లరంగు డబ్బా ఉంది. మూడు వందల డిగ్రీల కాకను తట్టుకుంటుందని దాని మీద రాసి ఉంది. జగన్ మర్యాదస్తుడే. చేతులు తుడుచుకుని వచ్చి గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొడ్తగని రాంజన్నా, ఒక్క ముచ్చట. గిది కొట్టినంక బండిని స్టార్ట్ జేసి పెడ్త. సైలెన్సర్ కాలంగనే రంగు పట్టుకుంటది. నీ తుపాకిని ఎట్ల కాలవెడ్తవ్ మరి?"

బ్యాంకు మెట్ల దగ్గర జామకాయలు అమ్మే బుచ్చమ్మ పక్కున నవ్వింది. రాంజీ మొహం ఎర్రబడింది. వాడు అడిగింది రంగు సంగతి. ఈయన విన్నది ఎగతాళి. మనిషికి ఒళ్ళంతా పొగరుంటే చెవులు పనిచెయ్యవు.

"పట్టాళపోని రైఫిల్‌కు సైలెన్సర్ రంగా? ఆటోలకు కొట్టుకో పో" అని గొట్టం లాక్కున్నాడు. నవ్వినందుకు బుచ్చమ్మ వైపు తిరిగి, కాలిన గొట్టం అంటే ఏమిటో, అరచెయ్యి దానికెట్లా అంటుకుంటుందో మచ్చ చూపించి మరీ వివరించాడు.

బుచ్చమ్మ నవ్వు ఆపింది. "నాకు చెప్తవేంది కొడుకా. అరువై తొమ్మిదిల మా అన్న పెద్దులు గిట్లనే తెలంగాణ అనుకుంట పోయిండు, ఇంటికి రాలే. శవం కోసం పోయినోళ్ళు చెప్పిన్రు, కాల్చినోళ్ళు గొట్టాలు పట్టుకోరాక బొక్కెనతోని నీళ్ళు తెచ్చి పోసుకున్నరట."

"కాలిన గొట్టం మీద సిపాయోడు నీళ్ళు వొయ్యడవ్వా. గొట్టం ఖరాబయితది. ఎవడో సివిల్‌గాడు చెప్పిన కత" అని రాంజీ కొట్టిపడేశాడు.  బుచ్చమ్మ జామకాయల మీద నీళ్ళు చిలకరించుకుంది.

రెండు రోజులకు సోని తమ్ముడు ప్రేమ్‌చంద్ భూపాలపల్లి నుంచి బండి మీద దిగాడు. అక్కడి కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. కాలే పైపులకు, పొగగొట్టాలకు రంగు వేసే పని. గనుల్లో బొగ్గు తీసేవాళ్ళు సమ్మెకు దిగాక పని ఆగి, అక్కను చూద్దామని వచ్చాడు. బావ బాధ విని, మర్నాడే వెనక్కి పోయి, మేస్త్రీ పారేయమన్న అడుగు డబ్బా ఒకటి పట్టుకొచ్చాడు.

"ఆరు వందల డిగ్రీలు బావా! బాయిలర్ కాడ గొట్టాలకు ఇదే. మంట నాకినా ఊడది."

ఆరు వందలు! జగన్‌ది మూడు వందలు. రాంజీ ఇక వేరే ఆలోచన చేయలేదు. పెద్ద అంకె ఏదైతే అదే మంచిదనుకోవడంలో మనవాళ్ళకు చదువుకున్నవాడు, చదువుకోనివాడు అనే తేడా లేదు. మూత తీసి చూస్తే రంగు వెండిలా తెల్లగా ఉంది. ఆయన కాసేపు ముక్కు మీద వేలేసుకుని, "రంగు ఏదైతేంది, కాకకు ఆగాలె" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

వాకిట్లో గోనెసంచి పరిచి, గొట్టం మూతికి గుడ్డ కుక్కి, కట్టెభాగానికి కాగితం చుట్టి, కుంచెతో రెండుసార్లు పూత వేశాడు. సాయంత్రానికి ఆరింది. సోని తొంగిచూసి, "సిల్వర్ తపేల లెక్క ఉన్నది" అని లోపలికి పోయింది. నిజమే, సంతలో సత్తు గిన్నెల కుప్పలో పెడితే ఎవడూ కనిపెట్టలేడు. రాంజీకి మాత్రం అది కత్తి తళుకులా కనిపించింది.

పొద్దున యూనిఫాం వేసుకుని రైఫిల్ భుజాన వేశాడు. బ్యాంకు చేరేసరికి భుజం తెల్లగా, అరచేతులు తెల్లగా. మీసం దువ్వుకుంటే మీసమూ తెల్లబడింది. వేలితో గొట్టం మీద గీస్తే గీత పడింది. వెంటనే ప్రేమ్‌చంద్‌కు ఫోన్ చేశాడు.

"ఇదేం రంగురా, చేతికి అంటుతాంది?"

"కాక తాకితేనే గట్టివడ్తది బావా. మా గొట్టాలు ఫ్యాక్టరీ నడవంగనే కాలుతయి, వాటంతల అవే గట్టివడ్తయి. నువ్వు జర కాల్చు, అంతే."

"ఎవన్ని కాల్చాల్రా?"

అవతల ప్రేమ్‌చంద్ కొంచెం తడబడ్డాడు. "అంటే... ఇన్నేండ్లల్ల ఎన్నడు కాల్చలేదా? నువ్వు బార్డర్‌ల మస్తు కాల్చినవని తండా అంత చెప్తది గద బావా. అందుకే ఆరు వందలది తెచ్చిన."

రాంజీ ఫోన్ పెట్టేశాడు. తను కాదని చెప్పని అబద్ధం పదకొండేళ్ళు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఇప్పుడు మూతికి సున్నం పూసింది. రైఫిల్‌ను పొయ్యిలో పెట్టి కాల్చుదామంటే ఇనుము చెడిపోతుందని ఆయుధాల కొట్టు నేర్పిన భయం. రంగు కడిగేద్దామంటే మళ్ళీ ఉత్త ఇనుము, మళ్ళీ తుప్పు. గొట్టానికి తువ్వాల చుట్టుకుని, ఎవరూ ముట్టకుండా, తనిఖీ దాటితే చాలని రోజులు వెళ్ళదీశాడు.

ఇక్కడ బ్యాంకు మేనేజరు గురించి చెప్పాలి. పేరు యాదగిరి, ఊరు జనగామ. పొద్దున బ్యాంకులో కూర్చుని పై ఆఫీసుకు "ఇక్కడ సమ్మె లేదు సార్, అంతా నార్మల్" అని ఫోన్ చేసేవాడు. సాయంత్రం మెడలో ఉద్యమం కండువా వేసుకుని దీక్షా శిబిరంలో ఫోటోగ్రాఫర్ వచ్చే వేళకు సరిగ్గా ముందు వరుసలో ఉండేవాడు. ఫోటో అయిపోగానే మోకాళ్ళ నొప్పులని లేచిపోయేవాడు. గోడ మీది పిల్లి అంటారు కానీ, పిల్లి ఎటో ఒకవైపు దూకుతుంది. ఈయన గోడ మీదే కాపురం పెట్టాడు. రాంజీకి ఆయన మీద ఉన్న అసహ్యం మాత్రం నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది.

దసరాకు ముందు ఒకరోజు బ్యాంకు ఎదుట రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి, పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి అక్కడే తినడం. బండి కదలదు, ఆఫీసు నడవదు. ఆ రోజుల్లో ఊరూరా అదే పద్ధతి. గుమాస్తాలు, చదువుకునే పిల్లలు, తండాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు, అందరూ ఉన్నారు. జగన్ దుకాణం మూసి కట్టెలు మోస్తున్నాడు. బుచ్చమ్మ జామకాయల బుట్ట పక్కనపెట్టి పెద్ద గంజులో పప్పు కలుపుతోంది. బ్యాంకు మూయమని అడిగారు. యాదగిరి బయటికి వచ్చి, "పది నిమిషాలు ఆగండి, పైవాళ్ళతో మాట్లాడుత" అని లోపలికి పోయాడు. గంట గడిచినా రాలేదు. ఎవడో విసిగి రాయి విసిరాడు. అది బోర్డుకు తగిలి టంగుమంది.

ఆ చప్పుడుకు యాదగిరి చేసిన మొదటి పని షటర్ దించడం. జర్రున కిందికి దిగింది. లోపల మేనేజరు, సిబ్బంది. బయట రాంజీ ఒక్కడు. కాపలావాడు బయటే ఉన్నాడని ఆయనకు తెలియక కాదు.

జేబులో ఫోన్ మోగింది. "రాంజీ, తుపాకి తియ్! వాళ్ళ మీదికి చూపెట్టు. దూరం పోకపోతే గాల్లకు కాల్చు. నేను చెప్తున్న, నాది జిమ్మేదారి" అన్నాడు షటర్ వెనక నుంచి యాదగిరి. మాట ఫోన్‌లోనూ, షటర్ సందులోంచీ రెండుసార్లు వినిపించింది.

రాంజీ తువ్వాల విప్పాడు. అదే చేత్తో చెంప తుడుచుకుని మీసం దువ్వాడు. కట్టెభాగం భుజానికి ఆనించి, బోల్టు లాగి తూటా ఎక్కించి, గొట్టాన్ని జనం తలల మీదికి ఎత్తాడు. లోహం కరకరలాడిన ఆ చప్పుడుకు రోడ్డంతా సద్దుమణిగింది. పప్పు ఉడికే చప్పుడు కూడా వినిపించింది. ఆ నిశ్శబ్దం రాంజీకి కల్లు కంటే తియ్యగా తగిలింది. కాల్చకుండా గడిచిన ఏళ్ళన్నీ దీనికోసమే అనిపించింది. ఇప్పుడు చూడండ్రా, సివిల్‌గాళ్ళారా.

బుచ్చమ్మ తెడ్డు చేతిలో పట్టుకునే రెండడుగులు ముందుకు వచ్చింది. కళ్ళు చికిలించి చూసింది.

"కొడుకా, మూతికేందిరా గది? సున్నం డబ్బల మొకం వెట్టినవా?"

ముందు ఒక పిల్ల నవ్వింది. తర్వాత పొయ్యిల దగ్గరి ఆడవాళ్ళు. తర్వాత రోడ్డంతా. తెల్ల మీసం, తెల్ల చెంప, సత్తు గిన్నెలా మెరిసే తుపాకి. "జాతరల కొన్నవా రాంజన్నా!" అని ఎవడో అరిచాడు. జగన్ మాత్రం నవ్వలేదు. "ఇంకా గట్టివడలేదు" అన్నాడు పక్కవాడితో. ఆ మాట రాంజీ చెవిన పడింది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. రాయి పడ్డందుకు రాంజీకి కోపం రాలేదు. ఈ నవ్వుకు వచ్చింది. వేలు తుపాకి మీట మీదికి పోయింది. ఒక్కటి, గాల్లోకి ఒక్కటి పేలిస్తే చాలు, ఈ నవ్వు ఆగిపోతుంది. గొట్టానికి కాక తగులుతుంది. రంగూ పట్టుకుంటుంది.

ఒక్కదానితో పట్టుకుంటుందా? ఆయుధాల కొట్టులో ఏళ్ళు గడిపిన బుర్ర తనంతట తనే లెక్క వేసింది. ఒక్క తూటాకు గొట్టం గోరువెచ్చన కూడా కాదు. నాలుగింటికీ కాదు. అరచేతి తోలు అంటుకునేంత కాక పుట్టాలంటే ఆనాడు పక్కవాడు కాల్చినట్టు, పెట్టెడు తూటాలు గుక్క తిప్పుకోకుండా కాల్చాలి. అక్కడ ఎదురుగా మట్టిదిబ్బ ఉంది. ఇక్కడ ఎదురుగా పప్పు గంజు, దాని పక్కన తెడ్డు పట్టుకుని బుచ్చమ్మ.

బొక్కెనతో నీళ్ళు తెచ్చి పోసుకున్నారట.

సిపాయి అనేవాడు గొట్టం మీద నీళ్ళు పోయడని ఆమెకు తనే చెప్పాడు. పోశారంటే, చేతితో పట్టుకోలేనంత కాలిందన్నమాట. చేతితో పట్టుకోలేనంత కాలిందంటే ఎన్ని తూటాలు, ఆ తూటాలకు ఎదురుగా పెద్దులు లాంటివాళ్ళు ఎంతమంది? లెక్క సరిగ్గా సరిపోయింది. అది సివిల్‌గాడు అల్లిన కథ కాదు.  రాంజీకి తన చేతిలో ఉన్నది దేనికోసం తయారైన గొట్టమో, దానికి తను వెతికి వెతికి ఎంచిన రంగు ఏ కాకకు గట్టిపడుతుందో, పదకొండేళ్ళ తర్వాత ఆ నవ్వుల మధ్య అర్థమైంది. సిగ్గేసింది. తన మీద తనకే రోత పుట్టింది.

తూటా బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. గొట్టం నేలకు దించాడు. "తియ్యవ్వా, పప్పు మాడుతాంది" అన్నాడు బుచ్చమ్మతో.

అప్పుడు షటర్ అడుగు మేర లేచింది. దాని కింద నుంచి యాదగిరి పాక్కుంటూ బయటికి వచ్చాడు. మెడలో ఉద్యమం కండువా! సాయంత్రం వేసుకునేది మధ్యాహ్నమే వేసుకున్నాడు. ఎందుకంటే రోడ్డు మీదికి పేపర్ ఫోటోగ్రాఫర్ వచ్చాడు, షటర్ సందులోంచి ఆ కెమెరా ఆయనకు కనిపించింది. వస్తూనే రాంజీ దగ్గరికి ఉరికి, "కాల్చద్దు! ప్రజల మీద కాల్చద్దు!" అని అరుస్తూ, అప్పటికే దిగిపోయిన గొట్టాన్ని చేత్తో పట్టి మొదట పైకి లేపి, తర్వాత కిందికి వంచాడు. లేపింది ఎవరూ చూడలేదు. వంచింది ఫోటోలో పడింది. రాంజీ బిత్తరపోయి నిలబడ్డాడు. ఇంత నీచం ఆయన ఊహకు ఎన్నడూ అందలేదు.

ఏజెన్సీవాళ్ళు తనిఖీ దాకా ఆగలేదు. ప్రజల మీదికి తుపాకి ఎత్తినవాడు తమకు వద్దన్నారు. ఎత్తమన్నది ఎవరని అడిగే ఓపిక ఎవరికీ లేదు, రాంజీ కూడా చెప్పుకోలేదు. ఎత్తిన మాట నిజమే కదా. రైఫిల్‌ను మళ్ళీ గుడ్డలో చుట్టి, ఠాణాలో ఇచ్చేసి, లైసెన్సు కూడా అక్కడే పెట్టి వచ్చాడు. ఈసారి నూనె రాయలేదు. ఊరి బయట పత్తి మిల్లులో కర్ర పట్టుకుని కాపలాకు కుదిరాడు. తండాలో ఎవరైనా అరచేతి మచ్చ గురించి అడిగితే, "చాంద్‌మారీల కాలిన గొట్టం ముట్టిన, అంతే" అనడం మొదలుపెట్టాడు. పెళ్ళిళ్ళలో ముందు కుర్చీ పోయింది.

రాష్ట్రం వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకు మానుకోటలో ఒక ఫంక్షన్ హాల్లో ఉద్యమకారులకు సన్మానం పెట్టారు. జగన్ బలవంతం చేసి రాంజీని బండి మీద ఎక్కించుకుపోయాడు. వేదిక మీద మధ్య కుర్చీలో యాదగిరి. జనగామకు బదిలీ అయిపోయినవాణ్ణి పిలిపించారట. వెనక ఆ ఫోటో తలుపంత పెద్దది చేసి కట్టారు. శాలువా కప్పాక ఆయన మైకు పట్టుకుని, ఆనాడు తుపాకి గొట్టానికి ఎదురుగా ఎట్లా నిలబడ్డాడో, ప్రాణం పోయినా సరే అని దాన్ని ఎట్లా వంచాడో గొంతు వణికిస్తూ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. జగన్ లేవబోతే రాంజీ మోకాలు పట్టి కూర్చోబెట్టాడు. ఫోటోలో, గొట్టం పట్టుకున్న యాదగిరి వేళ్ళ సందున రంగు లేచిపోయి ఉత్త ఇనుము కనిపిస్తోంది. అది ఎవరికీ పట్టలేదు.

బయట మెట్ల మీద బుచ్చమ్మ జామకాయలు అమ్ముతోంది. ఆమెను లోపలికి పిలిచినవాడు లేడు. రాంజీ వంగి ఆమె బుట్ట ఎత్తి తలకు అందించాడు. 

ఇంటికి వచ్చేసరికి సోని రొట్టెలు చేస్తోంది.

"మీటింగ్‌ల ఏం జేసిన్రు?"

"సన్మానం."

"ఎవలికి?"

"షటర్‌కు" అన్నాడు రాంజీ, పొయ్యి పక్కన కూలబడుతూ.

సోనికి వెంటనే అర్థమైంది. నవ్వలేదు. రొట్టె తట్టి పెంక మీద వేసింది. పెంక కింద ఇనుప పొయ్యి వెండిలా మెరుస్తోంది. తుపాకి ఇచ్చేసి వచ్చిన రోజు, డబ్బా అడుగున మిగిలిన రంగును పారేయడం ఎందుకని ఆమె దానికి పూసింది. మొదటి పూట రొట్టెలకే గట్టిపడింది. ఇన్ని వానలు పోయినా ఒక్క పొక్కు లేవలేదు, ఒక్క పెచ్చు ఊడలేదు. రాంజీ దాన్ని చాలాసేపు చూశాడు. చూసి, అరచెయ్యి మచ్చతో సహా మెల్లగా దాని కాలు దగ్గరికి చాపాడు.

"చెయ్యి తియ్, కాలుతది" అంది సోని.

రాంజీ చెయ్యి తీసుకుని రొట్టె అందుకున్నాడు.